సా పా సా పా: ఒక ఫిడేలు ప్రాజెక్టు డైరీ

జూన్ 1, 2025, ఆదివారం

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు వాళ్ళు ఆగస్టు 10న మేడ మీద పాటల సాయంత్రం పెడుతున్నారు. నాకు అరగంట ఇచ్చారు. నిరుడు రెండు కీర్తనలు, ఒక తిల్లానా వాయిస్తే ముందు వరసలో ఉన్న నలుగురు పెద్దవాళ్ళు తప్ప అందరూ మిర్చి బజ్జీల దగ్గరికి వెళ్ళిపోయారు. అందుకే కాబోలు సెక్రటరీ గారు ఈసారి లిఫ్టులోనే పట్టుకుని "కొంచెం వెరైటీగా చూడమ్మా" అన్నారు.

వెరైటీకి కొదవ లేదు. పగలు ఆఫీసులో లెక్కలు, సాయంత్రం ఆరుగురు పిల్లలకి పాఠం, రాత్రి ఇయర్‌ఫోన్లు. పదేళ్ళుగా ఆ ఇయర్‌ఫోన్లలో తిరుగుతున్నవి ఐర్లండు ఫిడేలు, నార్వే ఫిడేలు, అమెరికా కొండ పల్లెల ఫిడేలు, బల్గేరియా పెళ్ళి బ్యాండ్లు. అందులో ఒక్క ముక్క కూడా ఇప్పటిదాకా నలుగురి ముందు వాయించలేదు. ఇప్పుడు వాయించాలి. పది వారాలుంది.

ఇంగ్లీషు వాళ్ళు పెద్ద హాల్లో వాయిస్తే వయొలిన్ అని, పల్లెలో గంతులాటకి వాయిస్తే ఫిడేలు అని విడదీసి పిలుస్తారు. వాయిద్యం ఒకటే. మనకి ఆ పేచీ లేదు. త్యాగరాజ కీర్తనకైనా ఫిడేలే, హరికథ పక్కనైనా ఫిడేలే. ఈ డైరీలో కూడా ఫిడేలే.

మొదటి జాబితా రాసుకున్నాను. ఏడు దేశాలు, ఏడు ముక్కలు, ఒక్కోటి నాలుగు నిమిషాలు. చూసుకుంటే టూరిస్టు బస్సు టైంటేబుల్ లాగుంది. ప్రస్తుతానికి ఉండనిద్దాం.

జూన్ 8, ఆదివారం

కాగితం మీద అంతా సులువే. వాళ్ళ మేజర్ స్కేలు మన శంకరాభరణం రాగం. డోరియన్ అనే ఇంకో స్కేలు ఖరహరప్రియ, మిక్సోలిడియన్ హరికాంభోజి. తూర్పు యూరప్ యూదుల పెళ్ళి పాటల్లో తరచు వినిపించే మెట్లు మన వకుళాభరణం. హంగేరియన్ మైనర్ అని పుస్తకాల్లో రాసేది సింహేంద్రమధ్యమం. 72 మేళకర్తల (తల్లి రాగాల) పట్టిక చేతిలో ఉంటే దాదాపు ఎవరి స్కేలుకైనా మన పేరు ఒకటి పెట్టేయొచ్చు. గంటసేపు ఆ పని చేసి చాలా తెలివైనదాన్నని అనుకున్నాను.

తరవాత డోరియన్‌లో ఉన్న ఒక ఐరిష్ జిగ్ (గంతులాట బాణీ) వాయించి, రికార్డు చేసి, విజయనగరంలో ఉన్న మా మాస్టారికి వాట్సాప్‌లో పంపాను. ఆయనకి డెబ్బై తొమ్మిది. రెండు గంటల తరవాత ఫోన్ చేశారు.

"ఏటమ్మా ఇది, ఖరహరప్రియకి చలిజ్వరం వచ్చిందా?"

నవ్వొచ్చింది గానీ ఆయన అన్నది నిజం. ఆ మెట్లు తగలగానే నా ఎడమచెయ్యి నన్ను అడక్కుండానే గాంధారాన్నీ నిషాదాన్నీ ఊపేస్తోంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఖరహరప్రియ గాంధారం ఊగకపోతే ఖరహరప్రియే కాదు. జిగ్‌లో అదే స్వరం ఊగిందంటే ఆడేవాళ్ళ కాళ్ళు ఆగిపోతాయి. అక్కడ స్వరం వచ్చి, కనిపించి, వెంటనే పక్కకి తప్పుకోవాలి. సరేనని గమకాలన్నీ, అంటే ఆ ఊపులన్నీ, తీసేసి మళ్ళీ వాయించాను. చిన్నపిల్లలు హార్మోనియం మీద చదివే సరళీ స్వరాల్లా వచ్చింది. ఇది మాస్టారికి పంపలేదు.

ఫ్యూజన్ అని పిలిచే కచేరీలు చాలావాటిలో నాకు నచ్చనిది ఇదేననుకుంటా. స్కేలు కలిసింది కదా అని సంగీతం కలిసిందనుకుంటారు. వెనక కీబోర్డు మబ్బులాగ ఒకటే స్వరం పట్టుకుంటుంది, అందరూ దాని మీద వాలిపోతారు. నేనూ ఇప్పుడు సరిగ్గా అదే దారిలో ఉన్నాను.

జూన్ 14, శనివారం

ఇవాళ మంచి రోజు.

పడమటి పద్ధతిలో నాలుగు తీగలూ జి, డి, ఎ, ఇ. ఒక్కోటీ పక్కదానికి పంచమం ఎత్తులో ఉంటుంది. మనం సా పా సా పా కడతాం. అందువల్ల వాళ్ళ బాణీ నేర్చుకున్న ప్రతిసారీ నా వేళ్ళు పై రెండు తీగల మీదకి రాగానే దారి తప్పుతాయి. దీనికోసం రెండో ఫిడేలు కొనాలేమోనని డబ్బు లెక్క కూడా వేసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అమెరికాలో అపలాచియన్ కొండల పాత పాట ఒకటి వింటుంటే ఆ ఫిడేలు మోత చెవికి మరీ తెలిసినట్టు అనిపించింది. ఏదో మనింటి తంబురా పక్కగదిలో మోగుతున్నట్టు. కనుక్కుంటే తెలిసింది: అక్కడి ఫిడేలు వాళ్ళు కొన్ని పాటలకి తీగల శృతి మార్చేసుకుంటారు. దాన్ని క్రాస్ ట్యూనింగ్ అంటారు. ఎ-ఇ-ఎ-ఇ అని ఒకటి. జి-డి-జి-డి అని ఇంకొకటి.

సా పా సా పా!

జి-డి-జి-డి అంటే ఐదు శృతి. ఆడవాళ్ళ గాత్రానికి పక్కవాద్యం వాయించేటప్పుడు మేం ఎలాగూ అక్కడికే కడతాం. ఎ-ఇ-ఎ-ఇ కూడా పెట్టి చూద్దామనిపించింది గానీ దానికి కింది రెండు తీగలూ మామూలు కన్నా ఇంకో స్వరం పైకి బిగించాలి. తెగితే మొహానికి తగులుతుందని మానేశాను. జి-డి-జి-డిలో ఐరిష్ బాణీ వాయిస్తే వేళ్ళకి అది శంకరాభరణం, అంతే. స్టాఫ్ నొటేషన్ (పడమటి వాళ్ళ గీతల రాత) చూసి నేర్చుకున్నవాళ్ళు క్రాస్ ట్యూనింగ్‌కి వచ్చినప్పుడు వేళ్ళ చోట్లు మారిపోయి తికమకపడతారు. మనకి అది పుట్టిల్లు.

ఇంకో లాభం కూడా ఉంది. నార్వే వాళ్ళ హార్డాంగర్ ఫిడేలుకి అసలు తీగల కింద మరో నాలుగైదు తీగలుంటాయి. వాటిని ఎవరూ తాకరు, పై తీగల మోతకి అవే ఝుమ్మంటాయి. అవి నా దగ్గర లేవు. కానీ సా పా సా పా కట్టినప్పుడు కింది తీగ మీద పంచమం సరిగ్గా పట్టుకుంటే పక్కనున్న పంచమం తీగ తనంతట తాను వణుకుతుంది. కంటికి కనిపిస్తుంది కూడా. పిల్లలకి ఇది చూపిస్తే ఇవాళ పాఠం సాగలేదు, అందరూ తీగ దగ్గర తలలు పెట్టి కూర్చున్నారు.

మొదటి ముక్క కూడా ఇవాళే తేలింది: నొట్టుస్వరం. బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో దొరల పద్ధతి ఫిడేలు నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఆ దొరల బాణీలకి శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటిలో 'సంతతం పాహిమాం' బాణీ సాక్షాత్తూ ఇంగ్లండు జాతీయగీతానిది. అంటే ఫిడేలు మన గుమ్మంలోకి వచ్చిన రోజుల్లోనే ఈ కలపడం మొదలైంది. నేనేదో కొత్తగా చేస్తున్నానన్న టెన్షన్ సగం తగ్గింది.

జూన్ 21, శనివారం

ఆర్కే బీచ్‌లో యోగా డే. ప్రధాని వచ్చారు. నాతో మృదంగం వాయించే తమ్ముడు గాజువాక నుంచి రాలేనన్నాడు. రిహార్సల్ లేదు.

జూన్ 22, ఆదివారం

చేతులారా చేసుకున్నాను.

పాతకాలపు అమెరికన్ ఫిడేలులో రెండు తీగలు కలిపి మోగించడం ఎక్కువ. అందుకని వాళ్ళలో కొందరు బ్రిడ్జి (తీగలు ఆనే చిన్న చెక్క) పైవంపు అరగదీసి కాస్త చదును చేసుకుంటారు. నా దగ్గర స్పేర్ బ్రిడ్జి ఉంది, గరుకు కాగితం ఉంది, ఆదివారం ఉంది. పాత బ్రిడ్జి మీద కొత్తది పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, మధ్యలో కొంచెం కొంచెంగా అరగదీశాను. ఇంతవరకు బాగానే చేశాను. మార్చేటప్పుడు మాత్రం నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేసేశాను. లోపల 'టక్' మంది.

ఫిడేలు పొట్టలో పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది. సౌండ్ పోస్ట్ అంటారు. దానికి జిగురు ఉండదు, తీగల ఒత్తిడి మీదే నిలుస్తుంది. తీగలన్నీ వదిలేస్తే పడిపోవచ్చని నాకు తెలుసు. పిల్లలకి నేనే చెబుతాను. ఫ్రెంచి వాళ్ళు ఆ కర్రని ఆత్మ అంటారు. మా ఫిడేలు ఆత్మ అటూ ఇటూ దొర్లుతూ ఉండగా ఆటోలో వన్‌టౌన్ వెళ్ళాను.

అక్కడ హార్మోనియంలు, ఫిడేళ్ళు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. పక్క సందులోంచి, అదే ఎఫ్ ఆకారంలో ఉండే చిల్లులోంచి, వంకర ఇనపకడ్డీ ఒకటి దూర్చి, చిన్న అద్దంలో చూస్తూ ఇరవై నిమిషాల్లో కర్ర నిలబెట్టేశారు. "తీగలు ఒకటొకటిగా మార్చాల తల్లీ. గోడలన్నీ ఒకేసారి పీకితే కప్పు నిలబడద్దా?" అన్నారు. మూడొందలు. నా కొత్త బ్రిడ్జి చూసి మరీ చదునైపోయిందన్నారు. నిజమే. జంట తీగలు హాయిగా పలుకుతున్నాయి గానీ మధ్య తీగ ఒక్కటే వాయించాలంటే కమాను (తీగల మీద గీసే వెంట్రుకల కర్ర) పక్క తీగకి గీరుకుపోతోంది. ఇంకోటి ఆయన చేతే చేయించుకున్నాను, పాతదానికీ నాదానికీ మధ్యరకంగా.

జూన్ 29, ఆదివారం

ఇన్నాళ్ళూ ఎడమచేతి గురించి ఆలోచించాను. చిక్కంతా కుడిచేతిలో ఉంది.

మన పద్ధతిలో కమాను పొడుగ్గా నడుస్తుంది. ఒక్క కమానులో నాలుగు స్వరాలు, ఎనిమిది, కొన్నిసార్లు ఒక సంగతి (పాట వరసలో ఒక విరుపు) మొత్తం వచ్చేస్తుంది. గొంతులాగ పలకాలి కాబట్టి కమాను ఎక్కడ తిరిగిందో వినేవాళ్ళకి తెలియకూడదు. మాస్టారు చిన్నప్పుడు "కమాను తిప్పినట్టు వినపడితే మొట్టుతాను" అనేవారు, మొట్టేవారు కూడా. ఐరిష్ వాళ్ళకి కమాను తిరిగినట్టు తెలియాలి. చాలామంది కమాను పై భాగంలోనే చిన్న చిన్నగా తిప్పుతారు. ట్రెబుల్ అని ఒకటుంది: ఒక స్వరం ఉండాల్సిన చోట అదే స్వరాన్ని మూడుసార్లు చకచకా గీస్తారు, గుప్పెడు శనగలు పళ్ళెంలో పోసినట్టుంటుంది. అమెరికా పల్లెల వాళ్ళది షఫుల్: ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి. రైలు బండి నడక. చాప్ అని ఇంకోటి: కమానుని చెయ్యి దగ్గరి భాగంతో తీగ మీద పడేస్తే స్వరం రాదు, 'ఛక్' మని దెబ్బ వస్తుంది. 1960ల్లో అమెరికా బ్లూగ్రాస్ సంగీతకారుడు బిల్ మన్రో బృందంలో వాయించిన రిచర్డ్ గ్రీన్ దీన్ని మొదలుపెట్టాడంటారు. ఇప్పుడు అన్ని రకాల ఫిడేళ్ళలోకీ పాకింది.

ఈ వారమంతా ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నట్టే లెక్క. వట్టి తీగల మీద రోజుకి నలభై నిమిషాలు కమాను పని. సా, పా, సా, పా. పొడుగు-పొట్టి-పొట్టి. నాలుగోరోజు ఎదురింటి అత్తయ్యగారు తలుపు కొట్టి "ఫిడేలు పాడైందా అమ్మా?" అని అడిగారు. పాపం, నిజంగా కంగారుపడ్డారు.

శుక్రవారం రాత్రి ఒక ప్రయోగం చేశాను. మోహనం తీసుకున్నాను. స రి గ ప ద. ఈ ఐదు స్వరాలూ స్కాట్లండులో ఉన్నాయి, చైనాలో ఉన్నాయి, అమెరికా కొండల్లో ఉన్నాయి. ఎనిమిది స్వరాల చిన్న వరస ఒకటి రాసుకుని, ఎడమచేతిలో ఏమీ మార్చకుండా కమాను ఒక్కటే మార్చుతూ వాయించాను. మొదట ఒకే కమానులో జారుతూ: మనది. తరవాత పొట్టిగా, ట్రెబుల్ వేస్తూ: ఐర్లండు. తరవాత షఫుల్‌తో, పంచమం తీగ కలిపి మోగిస్తూ: అమెరికా. అవే ఎనిమిది స్వరాలు! వేళ్ళు అక్కడే ఉన్నాయి, ఊరు మారిపోతోంది.

ఏడు దేశాల జాబితా కొట్టేశాను. కార్యక్రమానికి వెన్నెముక ఇదే: ఒక మోహనం, కమానులు వేరు. దాని చుట్టూ మిగతావి.

జూలై 6, ఆదివారం

విజయనగరం వెళ్ళాను. మద్దిలపాలెంలో బస్సెక్కితే తగరపువలస దాకా కిటికీ పక్కన వర్షమే.

మాస్టారి ముందుగదిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫొటో ఉంటుంది. మాస్టారి గురువుగారు మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు, అందుకని ఆ ఇంట్లో నాయుడు గారే కులదైవం. ద్వారం వారు 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది మన విశాఖపట్నంలోనే. చూపు తక్కువ. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. 1919లో విజయనగరంలో కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టినప్పుడు, ఇరవై ఆరేళ్ళ ద్వారం వారు అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు. 1936లో దాసుగారి తరవాత ఆయనే అధ్యక్షులు. పక్కవాద్యంగా ఉండే ఫిడేలుని సోలో కచేరీకి కూర్చోబెట్టిన వాళ్ళలో ఆయన ముందువారు. పడమటి వయొలిన్‌లో పెద్ద పేరున్న యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నార్ గారింట్లో ద్వారం వారి వాయింపు విని ఆశ్చర్యపోయాడన్న కథ మాస్టారు నాకు కనీసం యాభైసార్లు చెప్పారు. ఇవాళ యాభై ఒకటి.

ఫొటో కిందే కూర్చుని మోహనం వాయించాను. మన కమానుకి తల ఊపారు. ఐరిష్ దగ్గర ఊపలేదు. షఫుల్ దగ్గర కళ్ళు తెరిచి నా మణికట్టు వైపు చూశారు.

"స్వరాలు మార్చలేదు కదూ?"

"లేదండి."

"గమకం ఎక్కడ పోయింది?"

"పోలేదు మాస్టారూ, కుడిచేతిలోకి వెళ్ళింది."

ఆ మాట నేను ముందుగా అనుకుని అన్నది కాదు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "నాయుడు గారిది కూడా కమాను సంగీతమేనమ్మా. జనం వేళ్ళు చూసేవారు" అన్నారు. బాగుందని మాత్రం అనలేదు. అడగలేదు కూడా, ఆయన దగ్గర అది అడిగి తెచ్చుకునే వస్తువు కాదు. వస్తూ ఉంటే "ఆ 'ఛక్' అనే దెబ్బ మాత్రం నా ఫిడేలు మీద వెయ్యకు" అన్నారు. ఫిడేలు నాది. అయినా సరేనన్నాను.

జూలై 13, ఆదివారం

ఈ డైరీలో ఇప్పటివరకు అన్నిటికన్నా మంచి పొరపాటు ఇవాళ జరిగింది. నాది కాదు, తమ్ముడిది.

తాళాల సంగతి ముందు. ఐరిష్ జిగ్ ఆరు లెక్కలది, అంటే తిశ్రంలో (మూళ్ళ లెక్కలో) రెండు దెబ్బలు, ఇబ్బంది లేదు. బల్గేరియా వాళ్ళ రచెనిత్సా అనే ఆట ఏడు: 2+2+3. మన మిశ్రచాపు కూడా ఏడే గానీ 3+2+2, తకిట తకధిమి. తిరగేస్తే తకధిమి తకిట, అది శ్యామశాస్త్రి గారికి ఇష్టమైన విలోమచాపు. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, పాఠ్యపుస్తకం తెరవడు గానీ ఈ లెక్కలు నోటితోనే కట్టేస్తాడు. రచెనిత్సా వేగానికి పది నిమిషాల్లో వచ్చేశాడు.

తరవాత స్లిప్ జిగ్. ఐర్లండుదే, తొమ్మిది. "అక్కా, తొమ్మిదంటే సంకీర్ణం కదా" అని, నేను చెప్పేలోపే సంకీర్ణచాపు అందుకున్నాడు. తకధిమి తకతకిట. అంటే 2+2+2+3. స్లిప్ జిగ్ అలా నడవదు. అది మూడు మూళ్ళు: తకిట తకిట తకిట. బాణీ ఒకవైపు, మృదంగం ఒకవైపు. మొదటి ఆవర్తంలో, అంటే తాళం ఒక చుట్టులో, ఇద్దరం కిందపడ్డాం. ఆపుదామనుకుని కూడా ఎందుకో ఆపలేదు. సమం దగ్గర, అంటే తాళం మొదలయ్యే చోట, మళ్ళీ కలిశాం. తొమ్మిది తొమ్మిదే కదా, ఎలా కోసినా చివర ఒకేచోటికి రావాలి. రెండో ఆవర్తంలో అతని దెబ్బలు విని నా కమాను కూడా 2+2+2+3కి వంగింది. అప్పుడు వచ్చిన నడక విని నేను ఫిడేలు దించేశాను.

అది కార్షిలమా. టర్కీలో, గ్రీసులో ఎదురెదురుగా నిలబడి ఆడే ఆట. దాని తొమ్మిది సరిగ్గా 2+2+2+3. తకధిమి తకతకిట అని వాళ్ళకి తెలియదు, కార్షిలమా అని మనకి తెలియదు. ఐర్లండు నుంచి టర్కీకి సంకీర్ణం మీదుగా దారి ఉందని మాత్రం ఇవాళ తెలిసింది.

మిగతా రెండు గంటలూ అదే పని. ఒకే బాణీ: మొదట తకిట తకిట తకిట. నాలుగు ఆవర్తాల తరవాత మృదంగం ఒక్కటే సంకీర్ణానికి మారుతుంది, ఫిడేలు మూళ్ళలోనే ఉంటుంది. ఆ రెండు ఆవర్తాలూ కావాలనే రాపిడి. తరవాత ఫిడేలు కూడా వచ్చి కలుస్తుంది, ధైవతం తగ్గి, రిషభం తగ్గి, వకుళాభరణంలోకి దిగుతుంది. అప్పటికి ఊరు మారిపోయి ఉంటుంది. కాగితం మీద చిన్న ముక్క. ఆ రాపిడి ఆవర్తాల్లో మాత్రం పొట్టలో తిప్పుతుంది.

తమ్ముడు వెళ్ళేటప్పుడు "మా ఊళ్ళో తప్పెటగుళ్ళ వాళ్ళు గంతేసే ముందు ఒక దెబ్బ మింగేస్తారక్కా, అక్కడ అది వేస్తా" అన్నాడు. వేశాడు, బావుంది. ఉంచేశాం.

జూలై 20, ఆదివారం

గాలిలో నీళ్ళున్నాయి. సముద్రం పక్క ఊళ్ళో వానాకాలం ఫిడేలు పెంచడం కన్నా గేదెని పెంచడం సులువు. బిరడాలు ఉబ్బి తిరగవు, పెన్సిల్ ముక్క రాస్తే కాస్త నయం. కమాను వెంట్రుకలు సాగిపోతున్నాయి, స్క్రూ చివరిదాకా తిప్పినా సడలుగానే ఉంటోంది.

దానికితోడు కొబ్బరినూనె. మనం వేళ్ళు జారడానికి ఎడమచేతి వేళ్ళకి కాస్త నూనె రాస్తాం. ఇన్నేళ్ళలో ఇబ్బంది రాలేదు. ఇప్పుడు కమాను చోట్లు మార్చి మార్చి వాయిస్తూ ఉంటే, వేళ్ళ నూనె అంటిన చోటికే వెంట్రుకలు వెళ్ళి, రోజిన్ (వెంట్రుకలకి రాసే బంక) పట్టు పోయి, ట్రెబుల్ వేసినప్పుడు మూడు గీతల్లో ఒకటి మూగపోతోంది. రెండురోజులు నా మణికట్టుని తిట్టుకున్నాను. తీరా చూస్తే నూనె. తీగలు తుడిచి, నూనె మానేసి టాల్కం పౌడరు రాసి చూశాను. జారుతోంది గానీ గమకంలో ఆ వెన్న లేదు. చివరికి వరస మార్చుకున్నాను: పౌడరు పెట్టే ముక్కలు ముందు, మన మోహనం ఆలాపన ఆఖరున, దానికి ముందు ఒక్క చుక్క నూనె. దేశాల క్రమం నూనెసీసా తేల్చింది.

జూలై 27, ఆదివారం

కోత రోజు. టైం పెట్టి చూస్తే నలభై ఆరు నిమిషాలు వచ్చింది.

జాజ్ తీసేశాను. జాజ్ ఫిడేలు వాయించిన స్టెఫాన్ గ్రాపెల్లీ అంటే నాకు పిచ్చి. జాంగో రైన్‌హార్ట్ గిటారు పక్కన 1930ల్లో ఆయన వాయించినవి వింటే ఫిడేలు నవ్వుతుంది. ఎల్. సుబ్రహ్మణ్యం గారితో కలిసి వాయించిన రికార్డు కూడా అరిగేదాకా విన్నాను. అందుకే తీసేశాను. జాజ్ వాళ్ళు స్వింగ్ అనే ఆ ఊయల నా కమానులో ఇంకా లేదు, ఉన్నట్టు నటిస్తున్నాను. ఆయన్ని అంతగా విన్న చెవికి అది వెంటనే తెలిసిపోతుంది.

నార్వే ముక్క కూడా తీసేశాను. అది నెమ్మదిగా, చలిగా ఉంటుంది. మేడ మీద, బజ్జీల వాసనలో నిలబడదు. చాప్ కూడా లేదు, మాట ఇచ్చాను.

మిగిలినవి: నొట్టుస్వరం, రచెనిత్సా, తొమ్మిది, మోహనం. ముప్పై ఒక్క నిమిషం.

ఆగస్టు 3, ఆదివారం

బ్రిడ్జికి పెట్టే పికప్ (మైకులాంటిది) తెచ్చి స్పీకరుతో చూశాం. జంట తీగలు మోగించినప్పుడల్లా కూత. స్పీకరుని నా వెనక నుంచి పక్కకి జరిపితే పోయింది. దీని గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు.

కూర్చోవడం గురించి మాత్రం ఉంది. మనం మఠం వేసుకుని, ఫిడేలు తల కుడి మడమ మీద ఆనిస్తాం. ఎడమచెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది, అందుకే ఆ జారుడు గమకాలు సాధ్యం. వాళ్ళు నిలబడి గడ్డం కింద పట్టుకుంటారు. తమ్ముడు "సగం నిలబడి వాయించక్కా, స్టైలుగా ఉంటుంది" అన్నాడు. ప్రయత్నించాను. మెడ పట్టేసింది. కూర్చునే వాయిస్తాను. మొరాకోలో ఫిడేలుని మోకాలి మీద నిలబెట్టి వాయించే పద్ధతి ఉంది, ఎవరి ఒళ్ళు వాళ్ళది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పూర్ణాల చేత్తో ఫిడేలు ముట్టుకోలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఐదున్నరకి వాన. అందరం కుర్చీలు మోసుకుని కింద పార్కింగ్‌కి దిగాం. మేడ మీద కోసం సర్దుకున్న శబ్దం అంతా తారుమారు. కాంక్రీటు కప్పు కింద ఏ స్వరం వాయించినా రెండుసార్లు వినపడుతోంది. నొట్టుస్వరానికి ఆ మోత బాగానే పనికొచ్చింది, చర్చిలో ఉన్నట్టుంది. రచెనిత్సా మాత్రం ముద్దయిపోయింది. ఆ వేగంలో ఏడుకి ఏడూ ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. చప్పట్లు కొట్టారు గానీ నాకు తెలుసు, తమ్ముడికీ తెలుసు.

తొమ్మిదికి ముందు అతని వైపు చూసి వేలితో తగ్గించమన్నాను. అనుకున్నదానికన్నా బాగా నెమ్మదిగా ఎత్తుకున్నాం. ముందు వరసలో చిన్నపిల్లలు మూళ్ళకి మోకాళ్ళు కొట్టుకుంటున్నారు. మృదంగం సంకీర్ణానికి మారగానే వాళ్ళ చేతులు ఆగిపోయాయి. వెనక ఎవరో "తప్పింది, తప్పింది" అనడం వినపడింది. ఆ రెండు ఆవర్తాలూ నేను తమ్ముడి వైపు చూడలేదు, చూస్తే కలిసిపోతాను. మూడో ఆవర్తంలో కమాను వంచాను. ఆ 'తప్పింది' అన్న గొంతే అనుకుంటా, "ఓహ్" అంది. ఎదురింటి అత్తయ్యగారి పాదం 2+2+2+3 తప్పకుండా కొడుతోంది. వట్టి తీగల వారమంతా ఆవిడ తలుపు అవతల విన్నారు కదా.

మోహనానికి ముందు ఒక చుక్క నూనె రాసుకోవడం మర్చిపోయాను. మూడు కమానులూ వరసగా వచ్చాయి, ఆఖరి ఆలాపనలో గాంధారం దగ్గర వేలు ఒకసారి పట్టేసింది. ఎవరూ గమనించలేదంటున్నారు. వీడియోకాల్‌లో విన్నవాళ్ళు ఒకరు గమనించి ఉంటారు.

బజ్జీల దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నిరుటికన్నా తక్కువ.

ఆగస్టు 12, మంగళవారం

పనులు: కమానుకి కొత్త వెంట్రుకలు వేయించాలి. వాన వెళ్ళాక రచెనిత్సా మళ్ళీ మొదటి నుంచి. నార్వే ముక్క డిసెంబరుకి.

రాత్రి తొమ్మిదింటికి మాస్టారు ఫోన్ చేశారు. గాంధారం సంగతి ముందే ఎత్తారు, ఊహించిందే. రచెనిత్సా ఊసే లేదు. తరవాత "ఆ ఐరిష్ తొమ్మిది ఒకసారి నెమ్మదిగా వాయించు, తాళం వేస్తాను" అన్నారు. ఫోన్ స్పీకరులో పెట్టి, మంచం మీదే కూర్చుని మొదలుపెట్టాను. అవతల తొడ మీద దెబ్బ వినపడుతోంది. మొదటి ఆవర్తం సరిగ్గా నడిచింది. రెండోదాంట్లో ఆయన చెయ్యి తనకి తెలియకుండానే తకధిమి వైపు వెళ్ళిపోయింది.

"ఆగాగు. ఎక్కడో జారాను. మళ్ళీ ఎత్తుకో."